నాలుగో సాంచ

గోవర్ధన్ భీవండి బస్సెక్కి తొమ్మిది రోజులైంది. ఎక్కేముందు పెళ్లానికి ఒక్క మాట చెప్పలేదు. అక్కడ దిగాక ఫోన్ చేసి, కోరుట్ల ఫైనాన్సు వాళ్లు కోర్టులో డిక్రీ తెచ్చుకున్నారని, నేడో రేపో ఇంటిమీదికి వస్తారని చెప్పి, ఏడ్చి, పెట్టేశాడు. మగవాడు ఏడ్చి చేతులు దులుపుకుంటే మిగిలిన ఏడుపు ఎవరి వంతో వేరే చెప్పనక్కర్లేదు. సుమలత మాత్రం ఏడవలేదు. పోయినవారం మనం చూసినట్టు, చెవి కమ్మలు కుదువపెట్టి జగిత్యాల వకీలు దగ్గరికి పోయింది.

వకీలు కాగితాలు తిరగేశాడు. మూడుసార్లు నోటీసు వస్తే మూడుసార్లూ తీసుకోలేదు, ఒక్క వాయిదాకైనా వచ్చి నిలబడితే ఏదో ఒకటి చేసేవాణ్ణి, పిలిచినప్పుడు పలికేవాడు లేకపోతే జడ్జిగారు మాత్రం ఏం చేస్తారు అన్నాడు.

నోటీసులు తిప్పికొట్టింది అత్త సత్యవ్వ. కోర్టు కాయితం చేత్తో పట్టుకుంటేనే కేసు అంటుకుంటుందని, ముట్టకపోతే గాలికి పోతుందని ఆమె నమ్మకం. ఆమెదే కాదు, సిరిసిల్లలో ఆ గల్లీ మొత్తానిదీ అదే నమ్మకం. పోస్టుమాన్ వస్తే కొడుకు ఊళ్లో లేడనేది. కోర్టు మనిషి వస్తే తలుపేసుకునేది. తలుపుకు అంటించి పోయిన కాయితాన్ని చెయ్యి తగలకుండా చీపురుతో గీకి మోరీలో వేసింది. రెండు సాంచాలు, అంటే మరమగ్గాలు, కొనడానికి కోరుట్లలో బావ పూచీ మీద తెచ్చిన రెండు లక్షలు ఏడు లక్షలై, డిక్రీ అయి, కోరుట్ల నుంచి సిరిసిల్ల కోర్టుకు నడిచొచ్చేదాకా ఆ చీపురు పని చేస్తూనే ఉంది.

ఆ మంగళవారం పొద్దున పది గంటలకు షెడ్డులో ఒక్క నాలుగో సాంచ మాత్రమే నడుస్తోంది. మిగిలిన మూడూ నూలు లేక పడి ఉన్నాయి. ఆ నాలుగోదాని మీది పడుగు కూడా సుమలతది కాదు. మరమగ్గం ఆమెది, నూలు సేటుది. శుక్రవారంలోగా బట్ట దించి ఇస్తే కూలి చేతికొస్తుంది, సేటు పడుగు చుట్టిన భీము ఇంకోటి ఇస్తాడు. ఇయ్యకపోతే ఇంకెవరూ ఇవ్వరు. తొమ్మిది రోజులుగా ఆమె బతుకు ఆ ఒక్క పడుగు మీద నడుస్తోంది.

కారు ఆగిన చప్పుడు సాంచ హోరులో వినబడలేదు. తల తిప్పేసరికి నలుగురు లోపలికి వచ్చేశారు.

ముందు వచ్చినవాడు గంగాప్రసాద్. కోరుట్ల ఫైనాన్సు తరపున వసూళ్లు చూసేవాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, నుదుట సన్నటి బొట్టు, గొంతులో ఎప్పుడూ చక్కెర. వెనక ఇద్దరు మనుషులు, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. అందరికంటే వెనక, ఖాకీ సంచీ చంకన పెట్టుకుని, కళ్లద్దాలకు దారం కట్టుకున్న ముసలాయన కోర్టు అమీను సమ్మయ్య. నోటీసులు తెచ్చినప్పుడు మూడుసార్లూ మూసిన తలుపును చూసి పోయింది ఆయనే. ఇంకో మూడు నెలల్లో ఉద్యోగం దిగిపోతాడు.

సుమలత హ్యాండిల్ తోసి సాంచ ఆపింది. ఆగగానే ఇల్లు చిన్నదైపోయినట్టు అనిపించింది ఆమెకు.

గంగాప్రసాద్ వదినె అని పిలిచి, నీళ్లు అడిగి తాగి, గోవర్ధన్ క్షేమం అడిగాడు. భీవండిలో ఏ ఖార్ఖానాలో చేరాడో కూడా తనే చెప్పాడు. అంత తెలిసినవాడు అక్కడికే పోయి అడగొచ్చు కదా అని సుమలత నోటిదాకా వచ్చింది, మింగింది. సమ్మయ్య జప్తు వారెంటు తీసి గడగడా చదివాడు. చదువుతున్నంతసేపు ఆమె మొహం చూడలేదు. చదవడం అయ్యాక పంచనామా కాగితం అట్ట మీద పెట్టుకుని మొదటి సాంచ దగ్గరికి నడిచి, దాని పక్కనున్న నంబరు పలకను తువ్వాలతో తుడిచి, కళ్లు దగ్గరగా పెట్టి చూసి రాసుకున్నాడు.

"సారూ, నాలుగూ రాసుకో. ట్రాలీ ఎన్కనే అస్తున్నది" అన్నాడు గంగాప్రసాద్.

సమ్మయ్య పలకలేదు. రెండో సాంచ దగ్గరికి పోయాడు.

సుమలత ఆయన వెనకే నడిచింది. ఈ పడుగు తనది కాదని, సేటుదని చెప్పింది. సాంచాలు పోతే తమకు కూలి కూడా దొరకదని, శుక్రవారం దాకా ఆగమని, వకీలు ద్వారా కోర్టుకు చెప్పుకుంటానని అడిగింది. ఆయన తలూపి, రాసుకుంటూనే ఉన్నాడు. ఆ తల ఊపు ఆమెకు బండరాయి ఊపినట్టే అనిపించింది. సర్కారు జీతం తినేవాడికి ఆకలి ఎట్లా తెలుస్తుంది అని కసిగా అనుకుంది. ఆ కసి తర్వాత ఎంత పని చేసిందో చెప్పబోయేది అదే.

సత్యవ్వ ఇంట్లోంచి వచ్చింది. నేరుగా పోయి నాలుగో సాంచ ముందు నేల మీద కూర్చుంది, రెండు కాళ్లూ బారజాపి. గంగాప్రసాద్ లేవమన్నాడు. లేవలేదు. పొడుగువాడికి సైగ చేశాడు. వాడు ముసలామెను రెక్క పట్టి లాగాడు. డెబ్బై ఏళ్ల మనిషి, పావుకేజీ బరువు లేని రెక్క. లాగిన విసురుకు ఆమె పక్కకు పడి, నేల మీదున్న ఖాళీ భీము ఇనుప చక్రానికి తల కొట్టుకుంది. చెవి పైన చర్మం చీలి నెత్తురు మెడ మీదికి దిగింది.

సుమలత వాణ్ణి కొట్టింది. అరచేత్తో కాదు. కిటికీలోని ఇనుప పానా తీసి మోచేతి మీద కొట్టింది. వాడు బూతు తిట్టి పానా లాక్కుని, ఆమె చెయ్యి వెనక్కి విరిచి మొహం మీద రెండు దెబ్బలు వేశాడు. మొదటి దెబ్బకు పెదవి చిట్లింది. రెండోదానికి చెవిలో గుయ్యిమంది. విరిచిన చేతికున్న మట్టిగాజులు పగిలి మణికట్టులో దిగాయి.

"ఆడోళ్ల మీద చెయ్యెయ్యిమని గీ వారెంటుల రాసున్నదా?" సమ్మయ్య అప్పుడు నోరు తెరిచాడు. "ఇడువు ఆమెను. ఇడువు అంటున్న."

వాడు విడిచాడు. గంగాప్రసాద్ నవ్వాడు. సారు రాసుకునే పని సారు చేస్తాడు, తీసుకుపోయే పని తాము చేస్తామని నెమ్మదిగా చెప్పాడు. చెప్తూనే నాలుగో సాంచ దగ్గరికి వచ్చి, బట్ట మీద మిగిలిన కొసలు తెంపేందుకు సుమలత సాంచ మీద పెట్టుకునే చిన్న కత్తి తీసుకున్నాడు. ట్రాలీలోకి ఎక్కించాలంటే ఈ దారాల గొడవ ఎందుకన్నాడు.

"అన్నా, వద్దు" అంది సుమలత. ఆ మనిషిని ఆమె అన్నా అని పిలవడం అదే ఆఖరు. "నీ కాళ్లు మొక్కుత. పడుగు కొయ్యకు. అది మాది గాదు."

"మీది గానిదానికి నీకెందుకు బాధ?"

బిగిసి ఉన్న పడుగు మీద కత్తి పెట్టి గుంజాడు. పోగులు ఒక్కసారిగా తెగి వెనక్కి ముడుచుకున్నాయి. చప్పుడు పెద్దగా లేదు, గరగరమని గడ్డి కోసినట్టే వినబడింది. మళ్లీ పెట్టి మళ్లీ గుంజాడు. వందల పోగులు దువ్వెన లాంటి అచ్చు మీద, నాడె నడిచే దారిలో చిక్కుపడి వేలాడాయి.

ఆ ఇంట్లో నడుస్తున్న పడుగు మీద ఎవరూ కత్తి పెట్టరు. మామ చచ్చిపోయిన రోజు శవం ఇంట్లో ఉండగా కూడా పడుగు మీద తెల్లబట్ట కప్పారు తప్ప కొయ్యలేదు. మూడో రోజు బట్ట తీసి, ఆగిన చోటి నుంచే నేశారు. తెగిన పోగును అతకడం నేర్పిస్తారు, కోయడం ఎవరూ నేర్పించరు. కింద పడి ఉన్న సత్యవ్వ, తల పగిలినప్పుడు కూడా అరవని మనిషి, ఆ చప్పుడు విని అరిచింది.

సుమలత అరవలేదు. ఆమె చెయ్యి హ్యాండిల్‌కు జానెడు దూరంలో ఉంది.

సాంచ నడపడం తెలియని వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. నాడె అంటే పేక నూలు మోసుకుని ఈ పక్క నుంచి ఆ పక్కకు ఉరికే కర్ర ముక్క. రెండు కొసలకూ ఇనుప ములుకులు ఉంటాయి. నిమిషానికి నూరుకు పైగా దెబ్బలు తింటుంది. దాని దారిలో తెగిన పోగులు వేలాడితే వాటికి తట్టుకుని దారి తప్పి, సాంచలోంచి బయటికి ఎగురుతుంది. ఎగరకుండా ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. నాలుగో సాంచకు ఆ కడ్డీ ఊడిపోయి రెండేళ్లయింది. గోవర్ధన్ కనుబొమ్మ మీది మచ్చ ఆ నాడె పెట్టిందే. అందుకే ఆ వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, పోగులు తెగితే ముందు సాంచ ఆపాలని.

ఆపి ఉన్న సాంచను ఆమె నడిపింది. కోపంలో ఏం చేసిందో తెలియక చేసిందని మీరు అనుకుంటారేమో, అదేం కాదు. పోగులు చూసింది. నాడె ఏ పక్కనుందో చూసింది. వంగి మూడోసారి కత్తి పెడుతున్న గంగాప్రసాద్ మొహం నాడె దారికి ఎదురుగా ఉందని చూసింది. మోటరు ఇంకా తిరుగుతూనే ఉంది. వాడి కళ్లు పోవాలి అనుకుంది, హ్యాండిల్ గుంజింది.

ఆమె చూడనిది ఒక్కటే. సమ్మయ్య కాగితాలు చంకలో పెట్టుకుని, వద్దు, వద్దు అంటూ గంగాప్రసాద్ చెయ్యి పట్టుకోవడానికి వాడికీ సాంచకూ మధ్యకి వచ్చాడు. వచ్చి వాణ్ణి వెనక్కి నెట్టాడు.

సాంచ రెండు దెబ్బలు కొట్టింది. మూడో దెబ్బకు నాడె కనబడలేదు.

సమ్మయ్య ఎడమ కంటికీ, దాని కింది ఎముకకూ తగిలింది. టెంకాయ రాతికి కొట్టినట్టు చప్పుడైంది. కళ్లద్దాలు రెండు ముక్కలై దారానికి వేలాడాయి. ఆయన చేతులు గాలిలో దేనికోసమో తడిమి, దొరక్క, మనిషి నిలువునా కూలాడు. ముక్కులోంచి, కంటికింద చీలికలోంచి నెత్తురు ఒక్కసారిగా కారింది. నాడె గోడకు తగిలి వెనక్కి వచ్చి, కండె నూలు విప్పుకుంటూ నేల మీద దొర్లింది.

సుమలత సాంచ ఆపింది. ఉరికి ఆయన పక్కన కూర్చుంది.

తన చీర కొంగు చింపి ఆయన మొహానికి అదుముతూ, పక్కన పడిన పంచనామా కాగితం నెత్తురులో తడవకుండా తీసింది. చదవాలని తీయలేదు. కానీ కళ్లు చదివేశాయి. గుండ్రటి పాతకాలపు రాత. ఒకటో సాంచ, నంబరు, బతుకుదెరువు పనిముట్టు, జప్తు చేయలేదు. రెండోది, బతుకుదెరువు పనిముట్టు, జప్తు చేయలేదు. మూడోది అట్లాగే. నాలుగోదాని మీది నూలు మూడో మనిషిదని, సాంచ మాత్రం పనిముట్టేనని, జప్తు చేయలేదని. నాలుగు గీతలూ నిండాయి. కింద సంతకం చోటు ఒక్కటే ఖాళీ.

బండరాయి అనుకున్న మనిషి ఆమె సాంచాలు నాలుగూ ఆమెకే వదిలి రాసి పెట్టాడు. ఆమె ఆయన కన్ను తీసింది. 

సాంచ చప్పుడు సిరిసిల్ల వాళ్లకు ఎంత అలవాటంటే, ఆగితేనే చెవులు రిక్కిస్తారు. పక్కింటి సాంచాలు ఆగాయి. ఆ పక్కవి ఆగాయి. బయట చెప్పుల చప్పుడు మొదలైంది. గంగాప్రసాద్ చటుక్కున తలుపు మూసి లోపలి గడియ పెట్టించాడు. ఇందాక మొహంలో పోయిన రంగు అప్పటికే తిరిగి వచ్చింది వాడికి. తనకు తగలాల్సిందని వాడికి అర్థమైంది. అంతకంటే ఎక్కువగా, తగలకపోవడం వల్ల తనకు ఏం దొరికిందో అర్థమైంది.

పొట్టివాడు నూట ఎనిమిదికి ఫోన్ చేయబోతే ఆగమన్నాడు. చేతి సంచీలోంచి ఒక స్టాంపు కాగితం తీశాడు. ముందే రాయించుకుని వచ్చిన కాగితం. నాలుగు సాంచాలూ, షెడ్డూ బాకీ కింద ఇష్టపూర్వకంగా అప్పజెప్తున్నట్టు రాసి ఉంది. సుమలత ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సర్కారు మనిషిని సంపబోయినవ్ వదినె. ఎన్నేండ్లు పడ్తదో తెలుసా? మేం ముగ్గురం సూసినం. గీ సంతకం వెట్టు, సాంచ దానంతటదే నడిచిందని ముగ్గురం చెప్తం. పెట్టినంకనే అంబులెన్సు."

ఆయన నెత్తురు ఆమె చేతుల్లోంచి కారుతూనే ఉంది. వాడి మాట అర్థం కావడానికి ఆమెకు రెండుసార్లు వినాల్సి వచ్చింది. సంతకం పెడితే సాంచాలు పోతాయి, జైలు తప్పుతుంది, ముసలాయనకు అంబులెన్సు వస్తుంది. పెట్టకపోతే సాంచాలు ఉంటాయేమో, నడపడానికి ఆమె ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సుమలత పెన్ను కోసం చెయ్యి చాపింది.

"కాయితం ముట్టకు బిడ్డా" అంది వెనక నుంచి సత్యవ్వ.

భీముకు ఆనుకుని, తల పట్టుకుని కూర్చుని ఉంది. మూడుసార్లు అదే మాటతో ఇంటిని ముంచిన మనిషి. ఆ మాట చెల్లాల్సిన చోట ఇన్నాళ్లకు చెల్లింది.

సుమలత చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గంగాప్రసాద్ లేచి ఆ చెయ్యి మీద బూటు కాలు పెట్టి తొక్కాడు. మణికట్టులోని గాజుముక్కలు ఇంకా లోపలికి దిగాయి. మీ ఇంట్లో కాయితం ముట్టే అలవాటు లేదు కదా, నేను నేర్పిస్తా అని వేళ్లు నలిపాడు. ఆమె గొంతులోంచి కేక వచ్చింది. బయట తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. సుమక్కా, తలుపు తియ్యి అని పక్కింటి అఖిల గొంతు.

అప్పుడు సమ్మయ్య కదిలాడు.

కుడి కన్ను తెరిచాడు. ముందు పైకప్పు చూశాడు, తర్వాత సుమలతను చూశాడు, తర్వాత ఆమె చేతి మీదున్న బూటును చూశాడు. గంగాప్రసాద్ కాలు తీశాడు.

"కాయితమేది?"

ఉందని, తడవలేదని సుమలత చెప్పింది.

"ముందుగాల చెప్తే గుంజుకొని చింపుతరు. ఒకపారి రాయికల్‌ల గట్లనే చింపిండ్రు." ఒక్కో మాటకూ ఊపిరి పీల్చాడు. "పనిముట్లు గుంజుకపోవుడు చట్టంల లేదు బిడ్డా. సంతకం జేసి, బండెక్కినంక చెప్తమనుకున్న. అందుకే ఊకున్న."

సుమలత ఏడ్చింది. తొమ్మిది రోజుల ఏడుపు అంతా అప్పుడు వచ్చింది. ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఒక్క ముక్క అని తల కొట్టుకుంది. తలుపు మూసుకుని మూడుసార్లు ఆయన్ను బయట నిలబెట్టినప్పుడు ఎవరు ఎవరికి చెప్పుకునే వీలుందో ఆమెకు గుర్తుకు వచ్చే ఉంటుంది.

"హ్యాండిల్ ఎవలు గుంజిండ్రు?" అని అడిగాడు సమ్మయ్య.

 గంగాప్రసాద్ స్టాంపు కాగితం ఇంకా చేతిలో పట్టుకునే ఉన్నాడు. దాన్ని కొంచెం పైకెత్తి ఆమెకు కనబడేట్టు పట్టాడు. ఇప్పటికైనా ఆలోచించుకో అన్నట్టు. సత్యవ్వ కోడలి వైపు చూసి తల అడ్డంగా ఊపింది, చెప్పకు అని. దానంతటదే నడిచింది సారూ అంటే సరిపోతుంది. ముసలాయన నమ్ముతాడు కూడా. నమ్మి సంతకం పెడతాడు.

కానీ ఆ అబద్ధం చెప్పిన క్షణం నుంచి ఆమె గంగాప్రసాద్ చేతిలో ఉంటుంది. నిజం వాడి దగ్గర ఉంటుంది, వాడు రోజుకింత అమ్ముతాడు. అదొకటి. ఇంకొకటి, ఆ ఒక్క కన్ను తన మీద నుంచి తిప్పకుండా చూస్తుంటే అబద్ధం నోట్లోంచి రాలేదు.

"నేనే గుంజిన సారూ" అంది. "ఆయనకు తగలాలని గుంజిన. మీరు అడ్డమస్తరని అనుకోలె."

గంగాప్రసాద్ చేతిలోని కాగితం కిందికి దిగింది. బెదిరించడానికి ఇప్పుడు వాడి దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ సంగతికి వాడికి ఒళ్లంతా మండింది. పంచనామా లాక్కో అని పొడుగువాడి మీద అరిచాడు. వాడు ఒకడుగు వేశాడు. సత్యవ్వ వాడి కాలు రెండు చేతులతో పట్టుకుని పిక్క కొరికింది. వాడు ఆమె వీపు మీద గుద్దాడు, మళ్లీ గుద్దాడు. ఆమె విడవలేదు. తలుపు చెక్క పైనుంచి కింది దాకా చీలింది.

సమ్మయ్య ఆ గొడవ వైపు చూడనే లేదు. జేబు తడుముకున్నాడు. దొరకలేదు. సుమలత నలిగిన వేళ్లతోనే నెత్తురులో పడి ఉన్న పెన్ను తీసి, కొంగుతో తుడిచి, ఆయన వేళ్ల మధ్య పెట్టింది. అట్ట ఆయన ఛాతీ మీద పట్టుకుంది.

సంతకం పెడతాడని ఎదురుచూసింది. పెట్టలేదు. పెన్ను సంతకం చోటుకు పైన ఆగింది. ఆయన అక్కడ ఐదు అని అంకె వేశాడు. సాంచాలు నాలుగే. ఐదు పక్కన నెమ్మదిగా, ఒక్కో అక్షరం దిద్దుతూ, సుమలత అని ఆమె పేరు రాశాడు.

గడియ ఊడి తలుపు లోపలికి పడింది. జనం తోసుకొచ్చారు. సుమలత తలెత్తలేదు. పేరు తర్వాత ఆయన తన నేరం రాస్తాడో, పై నాలుగింటిలాగే వదిలేసినట్టు రాస్తాడో చూస్తూ, అట్ట కదలకుండా గట్టిగా పట్టుకునే ఉంది.